క్యాంపు ట్రైలరు గోడలో నీళ్లు

1999లో హిందూపురంలో నాకొక రిపేరు షాపు ఉండేది. రేడియోలు, టేప్‌రికార్డర్లు, పెళ్లిళ్లకూ సభలకూ వాడే ఆంప్లిఫయర్లు బాగుచేసేవాణ్ణి. అప్పటికి పదకొండేళ్ల అనుభవం. పాడైన సెట్టును బల్ల మీద పెట్టగానే, తెచ్చినవాళ్లు నోరు తెరవకముందే లోపం ఎక్కడుందో చెప్పేస్తానని నాకు కొంచెం గర్వం కూడా ఉండేది.

మా ఊళ్లో కొందరు దాతలు కలిసి పల్లెల్లో కంటి పరీక్షల శిబిరాలు నడిపేవారు. వాళ్లకొక ట్రైలరు ఉండేది. జీపు వెనుక తగిలించి లాక్కుపోయే చిన్న గది లాంటి బండి. బెంగళూరులో ఎవరో విహారయాత్రల కోసం ముచ్చటపడి చేయించుకుని, తర్వాత వీళ్లకు ఇచ్చేశారు. లోపలి మంచాలు తీసేసి, పరీక్ష కుర్చీ, ట్యూబులైట్లు, మందుల బీరువా పెట్టించారు. బయట కూర్చుని పాటలు వినేందుకు తలుపుకు ఇరుపక్కలా గోడలోనే బిగించిన రెండు ఔట్‌డోర్ స్పీకర్లను మాత్రం అట్లాగే ఉంచారు. రోగుల పేర్లు పిలవడానికి అవి బాగా పనికొచ్చేవి. రొళ్ల, అమరాపురం, నల్లచెరువు దాకా ఆ బండి తిరిగేది.

ఆ ఏడు వానలు మొదలైన కొత్తలో, దాని డ్రైవరు నాగరాజు షాపుకు వచ్చాడు.

"బాషన్నా, స్పీకరు గొంతులో నీళ్లు పోసుకొని మాట్లాడినట్ల ఉండాది. పేరు పిలిస్తే ఒకరికి బదులు ఇంకొకరు లేచి వస్తాండారు. రేపు పెనుకొండలో క్యాంపు. నువ్వొస్తేనే అయితాది."

మర్నాడు పెనుకొండకు పోయాను. ఎడమవైపు స్పీకరు మరలు విప్పి ముందుకు లాగగానే లోపలినుంచి నీళ్లు నా మణికట్టు మీదుగా మోచేతి దాకా కారాయి. స్పీకరులో శబ్దం పుట్టించే కాగితపు గిన్నె తడిసి మెత్తబడిపోయి ఉంది. కారణం నాకు వెంటనే తేలిపోయింది. స్పీకరు చట్రం చుట్టూ ఉన్న రబ్బరు పట్టీ ఎండకు ఎండి పగిలింది. ఆ సందులోంచి వాన లోపలికి పోతోంది. కొత్త స్పీకరు బిగించి, చుట్టూ సిలికాన్ పట్టించాను. సిలికాన్ అంటే ట్యూబులోంచి పేస్టులా వచ్చి, ఆరాక రబ్బరులా గట్టిపడే మందు. దాంతో రెండో స్పీకరును కూడా సందు లేకుండా మూసేశాను.

నేను సామాన్లు సర్దుకుంటుంటే నాగరాజు లోపలినుంచి పిలిచాడు.

"అన్నా, ఈడ చాప కూడా తడుస్తాంది. ఈ మూలన ప్లైవుడ్డు ఉబ్బిండాది చూడు."

"అది బాడీ కట్టేవాళ్ల పనప్పా. నాది స్పీకరు పని," అన్నాను.

తలుపు దగ్గరి నుంచే ఒకసారి తొంగిచూసి వచ్చేశాను. సిలికాన్ ఆరాక స్పీకర్ల మీద బకెట్టు నీళ్లు గుమ్మరించి నాగరాజుకు చూపించాను. ఒక్క చుక్క లోపలికి పోలేదు. పని బాగా చేశాననే అనుకున్నాను.

పదిహేను రోజుల తర్వాత ధర్మవరంలో శిబిరం. అంతకు ముందు మూడు రోజులుగా వదలని ముసురు. స్పీకర్లు తడిలో ఎట్లా పలుకుతున్నాయో చూద్దామని, పిలవకపోయినా నేనూ జీపెక్కాను.

ట్రైలరును ఒక బడి ఆవరణలో నిలిపారు. చక్రాలు రబ్బరువి. బండి కదలకుండా నాలుగు మూలలా ఆనించిన జాకీల కింద చెక్క దిమ్మెలు. ఎక్కడానికి తలుపు దగ్గర వేలాడే ఇనుప మెట్లు, పక్కనే పట్టుకుని ఎక్కేందుకు ఇనుప పట్టుకొయ్య. ఆ మెట్లు నేలకు తగలవు. బడిలో ప్లగ్గు పాడై ఉండడంతో, గోడ అవతల మగ్గాల ఇంటి నుంచి కరెంటు వైరు లాగారు. ఆ వైరులో రెండు తీగలే ఉన్నాయి. మూడోది, అంటే ఎర్త్ తీగ, లేదు. ఎక్కడైనా కరెంటు తప్పించుకుని ఇనుముకు తగిలితే, దాన్ని మనుషుల మీదికి రానీయకుండా భూమిలోకి పంపే తీగ అది. అది లేదని నాకు కనిపించింది. ఊళ్లలో అందరూ అట్లాగే లాగుతారు కదా అనుకుని ఊరుకున్నాను.

మగ్గం పనివాళ్ల ఊరు కాబట్టి సన్నటి పట్టుదారం చూసి చూసి కళ్లు పోయినవాళ్లే ఎక్కువ వచ్చారు. యాభై మంది పైనే ఉంటారు. ట్రైలరు ముందుకు కట్టిన టార్పాలిన్ పట్టా కింద, బండిని ఆనుకోకుండా కొందరు, దాదాపు ఆనుకుని కొందరు నిలబడ్డారు. లోపల డాక్టరమ్మ పరీక్ష చేస్తోంది. నర్సు మేరీ సిస్టరు తలుపు దగ్గర కూర్చుని మైకులో పేర్లు పిలుస్తోంది. స్పీకర్లు గంట కొట్టినట్టు పలుకుతున్నాయి. నేను బయట చేతులు కట్టుకుని వింటున్నాను.

పదిమంది లోపలికి పోయి వచ్చారు. చాలామంది చెప్పులతో ఉన్నవాళ్లే. తర్వాత "ఓబుళమ్మ" అని పిలిచారు. అరవై అయిదేళ్ల మనిషి. రెండు కళ్లకూ శుక్లాలు. మగ్గాలకు దారం కండెలు చుట్టి బతికిన చేతులు. కాళ్లకు చెప్పులు లేవు. కొడుకు రామాంజి చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చాడు. ఆమె తడుముకుంటూ పట్టుకొయ్య మీద చెయ్యి వేసి, కాలిన దానిలా వెనక్కి లాక్కుంది.

"ఇది జుమ్మంటాంది రా!"

"ఏం జుమ్మంటాదిమా? ఇనుము చల్లగా ఉంటాది, అంతే. ఎక్కు," అన్నాడు కొడుకు.

"చల్లగా కాదు. చీమలు పాకినట్ల చేతిలోంచి పైకి ఎక్కింది. నేను ఎక్కను."

వెనుక వరసలో నవ్వులు. రామాంజికి సిగ్గయింది. నా వైపు తిరిగి, "కంటికి సూది పొడుస్తారని నిన్నటి నుంచి భయమన్నా దీనికి. పొద్దున కడుపునొప్పి అనింది. ఇప్పుడు ఇది," అన్నాడు.

నా చొక్కా జేబులో టెస్టరు ఉంది. కరెంటు తగిలితే లోపల చిన్న దీపం వెలిగే స్క్రూడ్రైవరు అది. తీసి పట్టుకొయ్యకు ఆనిస్తే రెండు క్షణాల పని. నేను తీయలేదు. ముసలామె భయమని నేనూ నమ్మేశాను. వెళ్లి ఎడమచేత్తో పట్టుకొయ్యను గట్టిగా పట్టుకున్నాను. ఏమీ కాలేదు. కాదు కూడా. నా కాళ్లకు మందపాటి రబ్బరు చెప్పులున్నాయి.

"అవ్వా, ఇట్ల చూడు, నేను పట్టుకునే ఉండా. ఏమీ ల్యా. నా చెయ్యి పట్టుకో, నేను ఎక్కిస్తా," అంటూ కుడిచెయ్యి చాచాను.

"నిజంగా ఏమీ ల్యా నాయనా?"

"నేను కరెంటు పనోణ్ణే అవ్వా. నా మాట నమ్ము."

ఆమె నమ్మింది. తడినేల మీద ఉత్తకాళ్లతో నిలబడి నా చెయ్యి పట్టుకుంది.

ఎడమచేతిలోంచి రొమ్ము మీదుగా కుడిచేతికి ఒక గుంజు. పళ్లు కొట్టుకున్నాయి. నా వేళ్లు ఆమె వేళ్లను బిగించి పట్టేశాయి. వదలాలని ఉంది, చెయ్యి వినడంలేదు. ఆమె మోకాళ్లు వంగి కిందికి జారడంతో, ఆ బరువుకు మా చేతులు విడిపోయాయి. ఆమె వెనక్కి పడింది. రామాంజి అందుకున్నాడు కాబట్టి తల నేలకు కొట్టుకోలేదు.

ఎంతసేపు జరిగిందని తర్వాత అడిగితే, నాగరాజు రెప్పపాటు అన్నాడు. నాకు చాలాసేపు అనిపించింది.

అప్పుడు అర్థమైంది. బండి మొత్తానికీ కరెంటు ఉంది. లోపల ఉన్నవాళ్లకు అది తెలియదు, ఎందుకంటే వాళ్లు నేలను తాకడంలేదు. చెప్పులున్నవాళ్లకూ తెలియలేదు. ఒక కాలు తడినేల మీద, ఒక చెయ్యి బండి మీద పెట్టిన మనిషికే ప్రమాదం. సరిగ్గా అదే సమయంలో వాన జోరందుకుంది. పట్టా అంచున ఉన్నవాళ్లు తడవకుండా బండి వైపుకు జరగడం మొదలుపెట్టారు.

"నాగరాజూ! మగ్గాల ఇంట్లో ప్లగ్గు పీకెయ్! పరిగెత్తప్పా!"

అతను గోడ దూకి పరిగెత్తాడు. నేను జనం వైపు తిరిగి అరిచాను. వాన చప్పుడులో ముందు వరసకు తప్ప ఎవరికీ వినిపించలేదు. ఒకాయన బండి రేకు మీద చెయ్యి ఆనించబోతుంటే భుజం పట్టి లాగేశాను. ఆయన నన్ను కొట్టడానికి వచ్చాడు.

తలుపులో ఇంకొకాయన కనిపించాడు. పరీక్ష అయిపోయి, కళ్లల్లో మందు వేయించుకుని, చూపు మసకబారి, లోపల విప్పిన చెప్పులు దొరక్క ఉత్తకాలితో మెట్టు కోసం గాలిలో వెతుకుతున్నాడు. చెయ్యి అప్పటికే పట్టుకొయ్య మీద ఉంది. కింది మెట్టు నుంచి నేలకు కాలు దించితే చాలు.

"సిస్టర్! ఆయన్ను పట్టుకో! దిగనీయద్దు! బండికి కరెంటుండాది! మైకులో చెప్పు, ఎవురూ బండిని ముట్టుకోవద్దని చెప్పు!"

మేరీ సిస్టరు ఎందుకని అడగలేదు. ఒక చేత్తో ఆయన చొక్కా కాలరు పట్టి లోపలికి లాగింది. ఇంకో చేత్తో మైకు అందుకుంది.

"అందరూ వినండి. బండికి దూరంగా పోండి. ఎవరూ బండిని ముట్టుకోవద్దు. బడి వరండాలోకి పోండి. నెమ్మదిగా, తోసుకోకుండా పోండి."

స్పీకర్లు ఆ మాటను ఆవరణ అంతా వినిపించాయి. జనం నిలబడ్డారు, చూశారు, కదిలారు. కళ్లు కనపడనివాళ్లను కనపడేవాళ్లు నడిపించారు. సిస్టరు అదే మాట మూడోసారి చెబుతుండగా స్పీకర్లు సగంలో మూగబోయాయి. ట్యూబులైట్లు ఆరిపోయాయి. నాగరాజు ప్లగ్గు పీకేశాడు.

నేను ముందు ఓబుళమ్మ దగ్గరికి పోయాను. కరెంటు పోగానే డాక్టరమ్మ దిగివచ్చి, ఆమెను వరండాలో పడుకోబెట్టి నాడి చూస్తోంది. "కొట్టుకోవడం సరిగ్గానే ఉంది. అయినా పెద్దాసుపత్రిలో ఒకసారి చూపించాలి," అంది. ఓబుళమ్మ గాలి పీల్చుకుంటూ నన్ను కాదు, కొడుకును అడిగింది.

"నేను చెప్పల్యా?"

నాగరాజు జీపులో వాళ్లిద్దరినీ ఆసుపత్రికి పంపాం. అతను తిరిగి వచ్చి, "బాగుండాది అన్నా. సాయంత్రం దాకా ఉంచి పంపిస్తారంట," అని చెప్పేవరకు నేను వరండా మెట్ల మీదే కూర్చున్నాను.

తర్వాత కత్తి తీసుకుని, నేనే పూసిన సిలికాన్‌ను కోసి ఎడమ స్పీకరు పెకలించాను. గోడ లోపలినుంచి తుప్పుతో ఎర్రబడిన నీళ్లు కుండ వంచినట్టు దూకాయి. ప్లైవుడ్డు విప్పి చూస్తే అడుగున జానెడు నీళ్లు నిలిచిన గుర్తు ఉంది. ట్యూబులైటు తీగలకు టేపు చుట్టిన ఒక అతుకు ఆ తడిలో నాని రేకుకు ఆనుకుని ఉంది.

మర్నాడు హిందూపురంలో, బాడీ పనులు చేసే హనుమంతప్ప దగ్గరికి ట్రైలరు తీసుకుపోయాం. నేను లోపల టార్చి పట్టుకుని కూర్చున్నాను. ఆయన బయటినుంచి పైపుతో నీళ్లు పట్టాడు. కింది నుంచి మొదలుపెట్టి, ఒక్కో వరస తడుపుతూ పైకి పోయాడు. స్పీకర్ల దగ్గర ఏమీ రాలేదు. కిటికీ దగ్గరా రాలేదు. మధ్యాహ్నానికి పైకప్పు ముందు మూలకు చేరేసరికి, తుప్పుపట్టిన రెండు మరల సందులోంచి సన్నటి ధార లోపలికి దిగింది. లోపలి చెక్కపట్టీ వెంట బారెడు దూరం పాకి స్పీకరు గూట్లోకి వచ్చింది.

"వాన ఈ స్పీకరులోంచి లోపలికి రాల్యా బాషా," అన్నాడు హనుమంతప్ప. "లోపలికొచ్చిన నీళ్లు దీంట్లోంచే బయటికి పోతాండె. నువ్వు దాన్ని మూసేస్తివి."

పైకప్పు అతుకులు కొత్తగా బిగించాం. గోడల అడుగున నీళ్లు కారిపోవడానికి రంధ్రాలు వేశాం. తీగలన్నీ పైపుల్లోకి మార్చాను. ఏ ఊళ్లో నిలిపినా ముందు భూమిలో ఇనుప కడ్డీ దిగ్గొట్టి ఎర్త్ ఇవ్వాలనీ, లీకు ఉంటే దానంతటదే కరెంటు ఆపేసే స్విచ్చు లేకుండా బండి కదలకూడదనీ నాగరాజుతో చెప్పి, రెండూ నేనే అమర్చాను. శిబిరం నడిపే పెద్దలకు తప్పు నాదేనని చెప్పాను. డాక్టరమ్మ మాత్రం ఒక్క ప్రశ్న అడిగింది. "పెనుకొండలో నాగరాజు చాప తడుస్తోందని చెప్పినప్పుడు చూసి ఉంటే తెలిసేదా?" తెలిసేదన్నాను. ఆమె తలూపి వెళ్లిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

ఓబుళమ్మకు ఆ తర్వాత ఒక కంటికి ఆపరేషన్ అయింది. ట్రైలరు ఎక్కనని పట్టుబట్టడంతో డాక్టరమ్మే ఆమెను వరండాలో కూర్చోబెట్టి పరీక్ష చేసింది. రెండు నెలల తర్వాత ధర్మవరం పోయినప్పుడు ఆమె ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. గడపలో కూర్చుని, నల్లద్దాలు తీసి నన్ను పరీక్షగా చూసింది.

"నువ్వేనా ఆ పొద్దు నా చెయ్యి పట్టుకునింది? గొంతు ఇని పెద్దోడనుకుంటి."

"తప్పయింది అవ్వా."

"నీకూ తగిలె గదా నాయనా," అంది. నల్లద్దాలు మళ్లీ పెట్టుకుంటూ, "నాకు కండ్లు కనపడకపాయ గానీ చెయ్యి బాగానే ఉండె," అంది.

ఆ మాట ఆమె కోపంగా అనలేదు. లోపలికి పిలిచి మజ్జిగ ఇప్పించింది కూడా. నేను తాగి వచ్చేశాను.

నీళ్లు కనిపించే చోటు వేరు, లోపలికి వచ్చే చోటు వేరు కావచ్చునని ఆ ట్రైలరు నేర్పింది. ఎర్త్ లేని వైరును చూసి ఊరుకోకూడదని కూడా నేర్పింది. ఆ రెండూ పుస్తకం చదివినా వచ్చేవే. ఓబుళమ్మ వల్ల తెలిసింది వేరు. ఆమె చెప్పింది నిజమో కాదో చూడటానికి నేను ఆమె నిలబడిన తడినేల మీద నిలబడలేదు. నా చెప్పుల్లో నిలబడి, నాకేమీ కాలేదు కాబట్టి ఆమెకూ ఏమీ కాదన్నాను. ఇప్పుడు ఎవరైనా సెట్టు తెచ్చి, "ముట్టుకుంటే ఏదో అయితాందన్నా," అంటే, దాన్ని విప్పేముందు వాళ్లనే కూర్చోబెట్టి అడుగుతాను. ఎక్కడ నిలబడ్డారు, ఎప్పుడు, ఎట్లా అనిపించింది అని. వాళ్లు చెప్పడం పూర్తయ్యేదాకా చేతిలోకి స్క్రూడ్రైవరు తీసుకోను.