గోల్డ్‌ఫిష్ పీకని మొక్క

యమునకు నలభై ఏడేళ్లు. గోదావరిఖని చౌరస్తా నుంచి లోపలికి తిరిగే సందులో ఆమెకు చిన్న అక్వేరియం దుకాణం ఉంది. అందులో కూర్చునేది సగం రోజే. మిగతా సగం బకెట్టు, పైపు, స్పాంజి స్కూటీకి కట్టుకుని ఇళ్లలో చేపల తొట్లు కడగడానికి తిరుగుతుంది. పదహారేళ్లుగా ఇదే పని. కుడి భుజం పైకెత్తితే కలుక్కుమంటుంది. వేళ్ల సందులు నాని నాని తెల్లగా పాలిపోయాయి.

ఏ చేప పక్కన ఏ మొక్క బతుకుతుందో ఆమెకు బాగా తెలుసు. దుకాణానికి వచ్చేవాళ్లు రంగు చూసి చేపను అడుగుతారు, ఆకు చూసి మొక్కను అడుగుతారు. ఆ రెండూ ఒకే తొట్టిలో కాపురం చెయ్యాలన్న సంగతి ఎవరికీ పట్టదు. మొదట్లో యమున అందరికీ విడమర్చి చెప్పేది. గప్పీలకు సన్నాకుల నాచు వేస్తే వాటి పిల్లలు అందులో దాక్కుని బతుకుతాయి. ఏంజెల్ చేపకు పొడుగాటి ఆకులుండాలి. గోల్డ్‌ఫిష్ అయితే మెత్తటి ఆకు కనబడ్డదంటే మేకతో సమానం. చెప్పీ చెప్పీ నోరు నొచ్చింది. ఇప్పుడు అడిగింది చేతిలో పెట్టి పంపేస్తుంది.

ముత్యం దగ్గరా అదే చేసింది. ముత్యం ముప్పై మూడేళ్లు భూమి కింద బొగ్గు తవ్వి రిటైరైన మనిషి. నాలుగడుగులు వేస్తే ఆయాసం. తిలక్‌నగర్‌లో సొంత ఇల్లు కట్టుకున్నాడు. కూతురు సంధ్యారాణి నస్పూర్‌కు మారుతూ తన అక్వేరియం తండ్రికి వదిలిపోయింది. అందులో నాలుగు ఎర్ర గోల్డ్‌ఫిష్‌లు. ఆయనకు ఆ చేపలూ కావాలి, వాటి వెనకాల పచ్చగా మొక్కలూ కావాలి.

"కాకా, ఇవి మొక్కల్ని ఉండనియ్యవు," అంది యమున మొదటి వారం.

"ఎందుకుండయి? మంచిగ నాటు బిడ్డా," అన్నాడాయన.

నాటింది. వారం తిరిగేసరికి అన్నీ పైకి తేలి ఉన్నాయి. వాదించే ఓపిక లేక మళ్లీ నాటింది. తర్వాత వారాల్లో సగం మొక్కలైనా నిలిచి కనిపించేవి. చేపలు అలవాటు పడుతున్నాయేమోలే అనుకుంది. అలా ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ప్రతి గురువారం, కరీంనగర్ నుంచి తడి పేపర్లో చుట్టి వచ్చే అవే మెత్తటి మొక్కలు తెచ్చి ఇసుకలో గుచ్చి పోయేది. నిలవవని తెలిసే తెచ్చేది. ఆయన పల్లెత్తు మాట అనలేదు కనక ఆమెకూ తప్పనిపించలేదు.

ఏప్రిల్ చివర్లో ఒకసారి గురువారం వేరే పని పడి, బుధవారం మధ్యాహ్నమే వెళ్లింది. ఎండకు రోడ్డు మీద తారు చక్రాలకు అంటుకుంటోంది. తలుపు తీసే ఉంది. ముత్యం తొట్టి పక్కన స్టూలు మీద కూర్చుని, చెయ్యి భుజం దాకా నీళ్లలో పెట్టి ఉన్నాడు. చెంప అద్దానికి ఆనింది. కళ్లు మూసుకుని గసపోస్తున్నాడు. వేళ్లతో తడుముకుంటూ మొక్కను ఇసుకలో గుచ్చుతుంటే, వెనకే ఒక చేప వచ్చి దాన్ని పీకుతోంది.

ఆయన భార్య సారవ్వ వంటింటి గడపలో కూర్చుని ఉంది.

"రోజు గిదే పని బిడ్డా," అంది. "పొద్దున నాటుతడు, అవి పీకుతయి. పగటీలి మళ్ల నాటుతడు. దమ్మొస్తది, వద్దంటె ఇనడు. ఊడిపోయినయి చూస్తె నీ మనసు కష్టమైతదట. 'గా పిల్ల గంత ఎండల మోసుకొచ్చి పెడ్తది, పాపం' అంటడు."

యమున బకెట్టు కింద పెట్టి గచ్చు మీద కూలబడింది.

"కాకా, తప్పు నాది," అంది. "ఇవి నిలవయని నాకు ముందుగాలనే ఎరుక. చెప్పి చెప్పి యాష్టకొచ్చి, తెచ్చి పెడుతున్న."

ముత్యం చెయ్యి బయటికి తీసి తువ్వాలుతో తుడుచుకున్నాడు. ఊపిరి కుదురుకునే దాకా ఆగాడు.

"యాష్ట సంగతి నాకెరుక లేదా? ఆఖరి రెండేండ్లు గనిల దిగాలంటె నాకు గట్లనే ఉండె," అన్నాడు. "నిలిచే మొక్క ఉన్నదా, లేదా? గది చెప్పు."

"ఉన్నది. దళసరి ఆకు, నల్లపచ్చగ ఉంటది. పెరుగుడే మస్తు ఆలిస్యం."

"పీకయా?"

"ఇసుకల నాటం గద. రాయికి కడ్తం. ఆకు గట్టిగుంటది, చేప ఒకసారి కొరికి చూసి ఊకుంటది."

అనుబియాస్ అనే ఆ మొక్క రావడానికి అయిదు రోజులు పట్టింది. యమున గోదావరి ఒడ్డున పిడికిలంత రాళ్లు మూడు ఏరుకొచ్చి, కడిగి, మొక్క దుంపను మూడు ముక్కలు చేసి నల్లదారంతో వాటికి కట్టింది. తొట్టి పడమటి కిటికీ కింద ఉండడం చేపలకు మంచిది కాదని అప్పుడే చెప్పింది. నీళ్లు వేడెక్కితే వాటికీ ఆయాసమే. తొట్టి జరపాలంటే నీళ్లన్నీ తోడాలి. ఒక్కతే బకెట్లతో తోడి, సారవ్వ ఒక పక్క పట్టుకుంటే లోపలి గోడకు జరిపి, మళ్లీ నింపింది. భుజం నిప్పులా మండింది. రాళ్లు లోపల పెట్టగానే పెద్ద చేప వచ్చి ఒక ఆకు కొరికింది, ఉమ్మేసింది, పోయింది. ముత్యం నవ్వబోతే దగ్గొచ్చింది.

మే ఎండలకు సారవ్వ రోజూ ఫ్రిజ్‌లో గడ్డకట్టిన నీళ్ల సీసా తొట్టిలో తేలేసింది. అయినా ఒక చేప చచ్చిపోయింది. మూడు మిగిలాయి. మొక్క నెలకో ఆకు వేసింది. "ఇది పెరుగుతున్నదా, ప్లాస్టిక్‌దా?" అని ముత్యం ప్రతి వారం సణిగేవాడు. వానలు పడేనాటికి వేళ్లు రాళ్లను పట్టేశాయి. యమున దారాలు కోసేసింది.

దుకాణంలో మళ్లీ అందరికీ విడమర్చి చెప్పే ఓపిక యమునకు రాలేదు. అడిగినవాళ్లకు చెబుతుంది. అడగకుండా చేప, మొక్క చూపించి ఇమ్మన్నవాళ్లను మాత్రం, "ఇంట్ల ఎవరు చూసుకుంటరు?" అని ఒక్క మాట అడుగుతుంది.

మొన్న ఆగస్టులో ఒక గురువారం ఆమె వెళ్లేసరికి తొట్టిలో పెద్ద పనేం లేదు. "వచ్చే వారం కడుగుదువు గని, జెర కూసో," అన్నాడు ముత్యం. చాయ్ తాగి గోడకు ఆనుకుంది. అలాగే కళ్లు మూతపడ్డాయి. మూడింటికి ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో బ్లాస్టింగ్ అయి కిటికీ అద్దాలు గలగలమన్నాయి. ఆమె లేవలేదు. సారవ్వ ఫ్యాను ఆమె వైపు తిప్పి, తలుపు దగ్గరగా వేసింది.