ఖాళీ గుడికి కొబ్బరికాయ

మొన్న మా మనవరాలు కాలేజీ పిల్లలతో కలిసి బిష్ణుపూర్ వెళ్లొచ్చింది. వస్తూ వస్తూ పొడుగు మెడ మట్టి గుర్రాన్నొకదాన్ని తెచ్చి టీవీ పక్కన నిలబెట్టింది. తర్వాత నా పక్కన చేరి, ఫోన్లో ఫొటోలు జరుపుతూ, "ఎంత పెద్ద గుళ్లో చూడు అమ్మమ్మా. కానీ లోపల ఒక్క దేవుడూ లేడు, తెలుసా?" అంది. ఈ పిల్లకి తెలుగు మాట్లాడ్డం బాగానే వచ్చు, చదవమంటే మాత్రం కూడబలుక్కుంటుంది. అందుకని దాని గురించి ఇక్కడ ఏం రాసినా నాకు భయం లేదు. మా ఇంట్లో అందరికీ ఒక నమ్మకం ఉంది, అమ్మమ్మంటే వంటింటికీ డాబాకీ మధ్య తిరిగే మనిషని. నేను ఫోను దగ్గరికి లాక్కుని చూశాను. ఎర్రటి గోడ, దాని మీద వంగిన చూరు. ఆ వంపు చూడగానే గుర్తుపట్టాను. "తెలుసే" అన్నాను. అది అప్పటికే ఇంకో ఫొటోకి వెళ్లిపోయింది.

అప్పుడూ మేము ఈ ఇంట్లోనే, కలకత్తా రేవు దగ్గరి మెటియాబ్రుజ్‌లో ఉండేవాళ్లం. సందు గోడలన్నీ ఎలక్షను బొమ్మలతో ఎర్రగా ఉండే రోజులు. కరెంటు పోయిందంటే చుట్టుపక్కల దర్జీల ఇళ్లలో మిషన్ల చప్పుడు ఆగేది కాదు, కాళ్లతో తొక్కేవే కాబట్టి. చీకట్లో ఆ టకటకలు వింటూ నేను అన్నం వార్చేదాన్ని. మా ఆయన రేవులో కూలీ. శ్రీకాకుళం నించి మీసాలు రాకముందే వచ్చి, మూటలు మోసి మోసి మెడ ఎద్దు మెడలాగ చేసుకున్న మనిషి. అలాంటి మనిషికి ఒక వానాకాలం జ్వరమొచ్చింది. ఒళ్లు పెనంలాగ కాలిపోయింది. జ్వరమైతే దిగింది గానీ, దానితోబాటే నడుము కింద సత్తువ కూడా దిగిపోయింది. ఆస్పత్రి వాళ్లు చూసి, కాళ్లు వస్తే రావచ్చు, కొంతమందికి వస్తాయి అన్నారు. ఆ మాట పట్టుకుని ఇంటికొచ్చాం. గదిలో గోడవారగా మంచం వేశాం. మా అమ్మాయి అప్పటికి బడికెళ్లే పిల్ల, నాన్న కాళ్లకి నూనె రాయడం దాని పని. మిగతాదంతా నా పని.

ఆ మంచానికి ఎదురుగోడ మీద ఒక కేలండరు ఉండేది. బెంగాలీల కొత్త సంవత్సరానికి సందు చివర మిఠాయి కొట్టాయన ఇచ్చింది. బొమ్మలో ఒక ఎర్రటి గుడి. మన గుళ్లలాగ గోపురం లేదు. రెండు పూరిళ్లు ఒకదాని వీపుకొకటి ఆనుకుని కూర్చున్నట్టుంది. చూరు రెండు చివరలా కిందికి వంగి, అచ్చం ఉద్దానంలో మా అమ్మ ఇంటి తాటాకు చూరులాగే ఉంది. కింద అక్షరాలు బెంగాలీవి, నాకు రావు. ఏ ఊరని కొట్టాయన్ని అడిగితే బిష్ణుపూర్ అన్నాడు. విష్ణుపురం. ఇంకేం కావాలి నాకు. నాలుగో క్లాసుతో బడి మానేసిన నాకు కూడా తెలుసు, విష్ణుపురం అంటే లోపల ఎవరుంటారో. ఏడాది తిరిగాక తారీకుల ముక్క కత్తిరించి పారేసి, బొమ్మ మాత్రం ఉంచాను. దానికి పసుపు రాశాను, బొట్టు పెట్టాను, రోజూ అగరొత్తి చూపించాను. ఆ కాగితం నూనె మరకలు తాగి మా వంటింటి గోడ రంగుకి వచ్చేసింది.

మొక్కు సంగతి చెప్పాలి. మనం దేవుడికి మన దగ్గరున్న దాన్ని కాదు, మనం ఇవ్వడానికి జంకే దాన్ని ఇవ్వాలి, అప్పుడే ఆయన వింటాడు అని మా అమ్మ అనేది. తలనీలాలివ్వడానికి నాకు జంకు లేదు. నాకున్న జంకల్లా ఒంటరిగా గడప దాటడమే. అన్నేళ్లలో నేను ఒక్కదాన్నే ఆ సందు చివర కుళాయి దాటి ఎరగను. బస్సెక్కితే ఆయన ముందు, నేను వెనక. అందుకని ఒక సాయంత్రం ఆ బొమ్మ ముందు నిలబడి, ఆయన్ని తన కాళ్ల మీద నిలబెట్టు, నీ దగ్గరికి నేనొక్కదాన్నే వచ్చి మా అమ్మ ఇంటి కాయ కొడతాను అనేశాను.

ఆయన లేచాడు. మళ్లీ దుర్గా పూజల డప్పులు మోగే నాటికి మంచం కోడు పట్టుకుని నిలబడ్డాడు, దీపావళికి కర్ర పట్టుకుని గుమ్మం దాకా నడిచాడు. ఇంక నా వంతు. ఊరినించి వచ్చిన చుట్టమొకాయన చేత అమ్మ పంపిన కాయ, పీచు జుట్టుతో సహా, బియ్యం డబ్బాలో దాచి ఉంచాను. చెవి దగ్గర ఆడిస్తే లోపల నీళ్లు పలికేవి. అప్పుడప్పుడు ఆడించి వినేదాన్ని.

ఆయన మటుకు ఒప్పుకోలేదు. "ఒక్కదానివీ ఎలాగెల్తావే? హౌరా స్టేషన్లో మనిషి మీద మనిషి నడుస్తాడు. నానూ వస్తాను" అన్నాడు. "నువ్వొస్తే మొక్కు సెల్లదు మావా" అన్నాను. "నీ దేవుడు టిక్కెట్టు కలెక్టరా ఏటే, ఎంతమందొచ్చేరో లెక్క సూడ్డానికి?" అన్నాడు. నేను బియ్యం డబ్బాలోంచి కాయ పైకి తీశాను. పక్కింటి దర్జీ గారి భార్య ఆ రెండు రోజులూ తండ్రీకూతుళ్ల భోజనం తను చూసుకుంటానంది, తన పెళ్లి నాటి శాలువా తెచ్చి నా భుజం మీద కప్పింది. పుష్యమాసపు చలి, శనివారం పొద్దున్న. కాయని చీర ముక్కలో చుట్టి, పసిబిడ్డని ఎత్తుకున్నట్టు ఒళ్లో పెట్టుకుని రైలెక్కాను.

ఖరగ్‌పూర్ దాకా నాకు భయం లేదు. అది మన దారి. ఊరికెళ్లినప్పుడల్లా ఆ రైలే, ఆ కిటికీలే. ప్లాట్‌ఫారం మీద తెలుగు వినపడుతుంది, ఎవరో ఎవర్నో ఏటి ఏటి అని అరుస్తుంటారు. ఆ తర్వాతే రైలు నాకు తెలియని పక్కకి మళ్లింది. మా ఊరి పట్టాలు ఎడమ పక్కకి జరిగి జరిగి పొగమంచులో కలిసిపోయాయి. నా జన్మలో మొదటిసారి, నన్నెరిగిన వాళ్లెవరూ లేని వైపుకి వెళ్తున్నాను. కాయని గట్టిగా పట్టుకున్నాను. పక్కనున్న బెంగాలీ ముసలావిడ ఒళ్లో బిడ్డేమో అనుకుని, చలికి మొహం కప్పమని చెప్పింది. కప్పాను.

బిష్ణుపూర్‌లో దిగి రిక్షా ఎక్కాను. నేల ఎర్రన, గోడలెర్రన, గాలిలో ఈతబెల్లం కాచే వాసన. ఒక మలుపు తిరగ్గానే రిక్షా ఆగింది. తల ఎత్తాను. మా ఇంటి గోడ మీద అరచేయంత ఉన్న బొమ్మ అక్కడ ఆకాశానికి ఆనుకుని నిలబడి ఉంది. దగ్గరికెళ్లేకొద్దీ గోడ కదలడం మొదలెట్టింది. కదలడమేమిటంటే, ఆ గోడ నిండా మనుషులే. మట్టితో చేసి కాల్చిన మనుషులు, నా బొటనవేలంత. పడవలు నడిపేవాళ్లు, వేటకెళ్లేవాళ్లు, డోలు కొట్టేవాళ్లు, వరసగా నడిచే బాతులు, జడ వేసుకునే ఆడమనిషి. అంగుళం ఖాళీ లేదు. నా నోరు తెరుచుకుని ఉండిపోయిందని గాలి లోపలికి చల్లగా వెళ్లాక తెలిసింది. రాజులు కట్టించారట. రాజు తల్చుకుంటే రాయికి కరువా? కానీ దేవుడికి మా అమ్మ ఇల్లు కట్టించాడు, మట్టితో.

చెప్పులు విడిచి, పసుపూ కుంకం కర్పూరం తీసి, కాయ చేతబట్టి లోపలికెళ్లాను. లోపల చీకటి, గబ్బిలాల వాసన. కళ్లు అలవాటు పడ్డాక చూస్తే అరుగు ఉంది, అరుగు మీద ఎవరూ లేరు. పూవు లేదు, దీపం మసి లేదు. ఇల్లన్నాక పొయ్యి ఉన్నట్టు గుడన్నాక దేవుడుంటాడని అనుకునే మనిషిని నేను. కొండమీద ఒంటి రాయి కనిపించినా పసుపు పూస్తారు మా వైపు. ఏడాది పాటు నేను ఎవర్ని పిలిచాను? ఎవరు విన్నారు? ఆయన కాళ్లకి ఎవరు జవాబుదారీ?

బయటికొచ్చి గడప మీద కాయ కొట్టబోతుంటే కావలివాడు పరిగెత్తుకొచ్చాడు. కోతి టోపీ పెట్టుకున్న పెద్దవయసు మనిషి. ఇది సర్కారు వారి గోడ, ఇక్కడ కొట్టకూడదు దిదీ అన్నాడు. నేనక్కడే కూలబడి ఏడ్చాను. ఆయన కంగారుపడి తన గ్లాసులో టీ నాకు పోశాడు. సంగతంతా విని, దేవుణ్ణి ఎప్పుడో ఊళ్లోకి మార్చేశారు, అక్కడ పూజ జరుగుతుంది వెళ్లు అన్నాడు. ఇంత దూరం వచ్చావు కదా ముందు గోడ చూడు అని తిప్పుతూ, ఒక చోట వేలు పెట్టి చూపించాడు. బాణాల మీద ఒక మనిషి పడుకుని ఉన్నాడు. చుట్టూ జనం నిలబడి ఉన్నారు. భీష్ముడు. ఆ పడుకున్నాయన మళ్లీ లేవలేదు కదా. మొక్కు తీరకపోతే ఏమవుతుందో నాకు చూపించడానికే రప్పించారు అనిపించింది.

సాయంత్రం ఊళ్లో గుడికి పోయాను. చిన్న విగ్రహం, గంటలు, హారతి. పూజారి నా కాయని తీసుకుని, బొట్టు పెట్టి, దేవుడి పాదాల దగ్గర ఉంచి, కొట్టకుండా అలాగే తిరిగి నా చేతిలో పెట్టాడు. కొట్టమంటే, మా పద్ధతి అది కాదమ్మా, నిండు కాయని నిండుగానే ఇస్తాం అన్నాడు. ఆయన తప్పేం లేదు. కానీ కొడతానన్న కాయ కొట్టకుండా నేను ఇంటికెలా వెళ్లను? పైగా ఆ విగ్రహం ముందు నిలబడితే నాకు పరాయింట్లో కూర్చున్నట్టుంది. నేనెప్పుడూ ఈయన్ని పిలవలేదు. ధర్మశాలలో ఆ కాయని తలకింద పెట్టుకుని తెల్లవార్చాను.

ఆదివారం పొద్దున్నే మళ్లీ ఎర్ర గోడ దగ్గరికే పోయాను. మంచు విడుతోంది. ఎండ వాలుగా పడి, మట్టి మనుషులందరికీ నీడలొచ్చాయి. నీడలు రావడంతో వాళ్లంతా గోడలోంచి ఒకడుగు బయటికి వేసినట్టున్నారు. బాణాల మీద మనిషి మీద కూడా ఎండ పడింది. నిన్న చావులాగ కనిపించింది, ఇవాళ మంచం చుట్టూ తనవాళ్లు నిలబడ్డట్టుంది. కావలివాడు వచ్చి పక్కన నిలబడ్డాడు. ఇన్నేళ్ల వానలకి ఈ మట్టి ఎలా కరగలేదు దాదా అని అడిగాను. "ఒకసారి నిప్పులో కాలింది కదా దిదీ. ఇంక దీనికి నీళ్ల భయం లేదు" అన్నాడు.

ఆయన మామూలుగానే అన్నాడు. నాకు మాత్రం ఆ వానాకాలపు జ్వరం, పెనంలాగ కాలిన ఆ ఒళ్లు గుర్తొచ్చాయి. ఇంక నాకు విగ్రహంతో పని లేదనిపించింది. నేను మొక్కుకున్నది ఈ ఇంటికి, ఈ చూరుకి. ఇచ్చుకోవాల్సింది దీనికే. మీ సర్కారు ఎక్కడిదాకా అని అడిగాను. ఆయన నవ్వి కంచె తీగ చూపించాడు. తీగ బయటికెళ్లి, గుడికి ఎదురుగా ఒక రాయి చూసుకుని, కర్పూరం వెలిగించి, కాయ ఎత్తాను. ఇన్నాళ్లు దాచిన కాయ, కుళ్లిపోయి ఉంటేనో? కళ్లు మూసుకుని కొట్టాను. నీళ్లు నా మొహం మీద చల్లగా పడ్డాయి. కళ్లు తెరిస్తే పాలలాంటి తెల్లటి రెండు చెక్కలు. కావలివాడు టోపీ తీసి, తీగ దాటి వచ్చి, చెయ్యి చాపాడు. ఒక చెక్క అక్కడే ఆయనకీ, రిక్షావాడికీ, మరమరాలమ్మే ఆవిడకీ పంచాను. రెండోది చీర ముక్కలో చుట్టుకున్నాను.

సాయంత్రం మా బస్సు స్టాపులో దిగేసరికి ఆయన ఉన్నాడు. కర్ర మీద ఆనుకుని, మఫ్లరు చుట్టుకుని, అంత దూరం నడిచొచ్చాడు. ఇద్దరం మెల్లగా ఇంటి వైపు నడిచాం. నవ్వుతాడేమోనని భయపడుతూనే చెప్పాను, ఆ గుళ్లో ఎవరూ లేరు మావా, ఏడాది నుంచీ ఖాళీ ఇంటికి దణ్ణం పెట్టాను అని. ఆయన కొబ్బరి ముక్క నములుతూ, "నాకు తెలుసే" అన్నాడు.

"ఎలాగ తెలుసు?"

"మంచం మీద పడుకుని ఏడాది దాన్నే సూసేను కదేటి. తలుపు లోపల దీపం లేదు, గంట లేదు, గుమ్మంలో ఒక్క సెప్పు లేదు."

మరి నాకెందుకు చెప్పలేదన్నాను. ఆయన కొంత దూరం నడిచి, ఊపిరి తీసుకోడానికి ఆగాడు. "నువ్వలాగ రోజూ పిలస్తుంటే ఖాళీ ఇల్లైనా పలకదేటే అనుకున్నాను. అది పలికేదాకా నాను పడుకునుంటే బాగోదని లేచేను" అన్నాడు.

ఆ తర్వాత చాలా ఏళ్లు నడిచాడు ఆయన. కర్రతో నడిచాడు, కర్ర లేకుండా నడిచాడు, ఈ మనవరాల్ని భుజాన వేసుకుని నడిచాడు. ఇప్పుడు లేడు. ఆ మంచం తీసేసి కూడా చాలా కాలమైంది. ఆ గోడవారనే ఇప్పుడు టీవీ ఉంది, దాని పక్కన మట్టి గుర్రం. నేను మాత్రం అటు వెళ్లినప్పుడల్లా మంచం ఉండినంత మేరా పక్కకి తప్పుకునే నడుస్తాను. అక్కడేముంది అమ్మమ్మా అలా తిరిగి వెళ్తావు అంటుంది మనవరాలు. ఏమీ లేదనే చెప్తాను. కాలం వచ్చి ఇంట్లో ఎవర్నైనా పట్టుకుపోగలదు గానీ, వాళ్లున్న జాగాని ఎత్తుకుపోవడం దాని వల్ల కాదు.