చిన్నలంక చర్చిలో బల్లగుడ్డ

ఏలూరులో ఉదయం ఆరూ నలభైకి రావలసిన పాసింజరు ఏడూ పదికి వచ్చింది. టికెట్టు మనిషికి తొమ్మిది రూపాయలు. నా చేతిలో బిస్కట్ల డబ్బా, అందులో కేకు. మా ఆవిడ కరుణ ఒళ్ళో పాత దుప్పట్లో చుట్టిన బల్లగుడ్డ. ఆమె పుట్టిన ఊరు చిన్నలంకలో, కొల్లేటి ఒడ్డున, కొత్తగా కట్టిన చర్చికి ఆవేళ ప్రతిష్ఠ. రొట్టె, ద్రాక్షరసం పెట్టే ప్రభువు బల్ల మీద పరచడానికి ఆ గుడ్డని నేను ఎనిమిది నెలలు కూర్చుని కుట్టాను. నేనంటే, ముప్ఫై రెండేళ్ళు బస్సులో టికెట్లు కొట్టి రిటైరైన కండక్టర్ని. ముందే ఎందుకు రాస్తున్నానంటే, ఆ రోజంతా ఈ ఒక్క ముక్క జనం చేత నమ్మించలేక నా తల ప్రాణం తోకకొచ్చింది.

రిటైరైన మొదటి నెల ఇంట్లో తోచక చచ్చాను. ఎదురింట్లో నర్సుగా చేసి రిటైరైన మేరమ్మగారు సాయంత్రాలు వరండాలో కూర్చుని కుట్టుకునేవారు. "మీరూ ఓ సూది పట్టుకోండి, వీధిలో వెళ్ళేవాళ్ళందర్నీ కేకలేసే బదులు" అన్నారు. కాడకుట్టు, గొలుసుకుట్టు, ముడికుట్టు ఆవిడే నేర్పారు. తర్వాత వంట పట్టుబడింది. ఆ తర్వాత కేకు. అల్యూమినియం గిన్నెలో ఇసక పోసి, గ్యాసు పొయ్యి మీద పెట్టి చేస్తాను. మొదటి మూడూ మాడిపోయాయి. నాలుగోది వీధంతా తిన్నారు. ఇందులో సిగ్గుపడాల్సిందేమిటో నాకిప్పటికీ తెలీదు.

భీమడోలులో ఒకావిడ ఎక్కి మా ఎదురుగా కూర్చుంది. దుప్పట్లోంచి గుడ్డ అంచు కాస్త కనపడుతోంది. ముచ్చటపడి వేలితో తడిమింది. "ఎంత బాగుందండీ! మీరే కుట్టారా?" అని మా ఆవిణ్ణి అడిగింది. మా ఆవిడ కిటికీలోంచి బయటికి చూసింది.

"నేను కుట్టానండి" అన్నాను.

ఆవిడ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "భలేవారండీ మీరు!"

నాకు ఒళ్ళు మండింది. ఆవిడకంటే నా పక్కన నోరు మెదపకుండా కూర్చున్న మనిషి మీద ఎక్కువ మండింది.

ఎనిమిదిన్నరకి తాడేపల్లిగూడెంలో దిగాం. బస్టాండు ఎదురుగా పెసరట్లు తిన్నాం, ఇద్దరికీ ఇరవై నాలుగు రూపాయలు. అట్టు బాగుంది, అల్లం పచ్చడిలో బెల్లం మరీ ఎక్కువ. తొమ్మిదింబావుకి గణపవరం బస్సు. జనం ఫుట్‌బోర్డు మీద వేలాడుతుంటే కండక్టరు ముందు సీట్లో కూర్చుని తాపీగా టికెట్లు కొట్టుకుంటున్నాడు. నా సర్వీసులో ఒక్కనాడూ అలా చెయ్యలేదు. "లోపలికి జరగండి!" అని నేనే అరిచాను. జరిగారు.

గణపవరంలో ఆటో ఎక్కి నిడమర్రు మీదుగా వెళ్ళాం. రోడ్డుకి రెండు పక్కలా చేపల చెరువులే. గట్ల మీద మేత బస్తాలు, ఎదురొచ్చే చేపల లారీల్లోంచి కారే నీళ్ళు, నీచు వాసన. పదీ నలభైకి చిన్నలంక చేరాం. ఆటోవాడు ఎనభై తీసుకున్నాడు. మీరు వెళితే అరవైకి మించి ఇవ్వకండి.

మా బావమరిది ప్రకాశరావు ఆ సంఘానికి పెద్ద. గుమ్మంలోనే డబ్బా మూత తీసి ముక్క విరిచి నోట్లో వేసుకున్నాడు. "మెత్తగా ఉంది బావగారూ. ఏలూరులో ఏ బేకరీ అండీ?"

"బేకరీ లేదు, గాడిద గుడ్డూ లేదు. నేను చేశాను."

"సర్లెండి, మీ వేళాకోళం మీరూను!" అని ఇంకో ముక్క తీసుకుని వెళ్ళిపోయాడు.

పదకొండున్నరకి ఆరాధన మొదలైంది. మగవాళ్ళం కుడివైపు చాపల మీద, ఆడవాళ్ళు ఎడమవైపు. ఆ ఊళ్ళో ఒక పద్ధతుంది. కానుకలిచ్చిన వాళ్ళ పేర్లు పాస్టరుగారు కాగితం చూసి చదువుతారు. పేరు వచ్చిన మనిషి లేచి వెళ్ళి తన కానుకని తన చేత్తోనే పెట్టాలి. గంట, కుర్చీలు, గోడ గడియారం అయ్యాయి. నేను చొక్కా సర్దుకుని కూర్చున్నాను.

"ప్రభువు బల్లకి గుడ్డ. స్వహస్తాలతో కుట్టి ఇచ్చినవారు మన ఊరి ఆడపడుచు శ్రీమతి కరుణగారు."

అప్పటికే సగం లేచాను. పక్కాయన "మిమ్మల్ని కాదండీ" అని చొక్కా పట్టి లాగాడు. మా ఆవిడ తలొంచుకుని వెళ్ళి గుడ్డ పరిచింది. అదీ వెనకది ముందుకి చేసి పరిచింది! కుట్టుపని ఉన్న అంచు గోడవైపు, వట్టి అంచు జనంవైపు. నమూనా పుస్తకంలో ద్రాక్షగుత్తుల పక్కన గోధుమ కంకులుంటే, మనూళ్ళలో గోధుమలెక్కడివని వరి కంకులు కుట్టాను. ఒక్కో గింజా ఒక్కో ముడి. ఆ కంకులన్నీ సున్నం గోడకి చూపించింది.

"అటు కాదు! ఇటు తిప్పు! కుట్టింది నేను!" అని అరిచాను.

చర్చంతా గొల్లుమంది. "భార్య పనితనమంటే అయ్యగారికి ఎంత మురిపెమో చూడండి" అన్నారు పాస్టరుగారు. నేనే వెళ్ళి గుడ్డ తిప్పి పరిచాను. అప్పుడూ నవ్వారు.

రెండింటికి భోజనాలు. కొరమీను పులుసు అద్భుతంగా ఉంది. అంత కోపంలోనూ రెండోసారి వేయించుకున్నాను.

తిరుగు ఆటోలో అడిగేశాను. "మీ తమ్ముడికి ఏం చెప్పావు?"

"నేనే కుట్టానని చెప్పానండి. సూదీ దారం పట్టుక్కూర్చునే బావగారని వాడు ఊరంతా చెప్పి నవ్విస్తాడు. నాకు సిగ్గేసింది."

"నన్ను చూసి సిగ్గా?"

ఒళ్ళో ఖాళీ దుప్పటిని మడిచింది. తర్వాత "అవునండి" అంది.

సర్వీసులో తాగుబోతులు తిట్టారు, కాలరు పట్టుకున్నారు. అవేవీ నన్నింత బాధపెట్టలేదు.

గూడెం స్టేషన్‌కి ఆరింటికి చేరాం. రైలు ఆరున్నరకి. బయట ఎస్టీడీ బూత్ చూపించాను. "వెళ్ళి మీ తమ్ముడికి నిజం చెప్పు. చెప్పేదాకా నేను రైలెక్కను."

"రైలు వెళ్ళిపోతుందండీ."

"పోతే పోనీ!"

వెళ్ళింది. ఉక్కకి తలుపు తెరిచే మాట్లాడింది. "తమ్ముడూ, ఆ గుడ్డ నేను కుట్టలేదురా. బావగారు కుట్టారు. కేకు కూడా ఆయనే చేశారు. నవ్వకు. నాకు బొత్తాం కుట్టడం కూడా సరిగ్గా రాదు, నీకు తెలీదూ? వచ్చే ఆదివారం పాస్టరుగారితో చెప్పించు." బయటికొచ్చి కళ్ళు తుడుచుకుంది. "నమ్మట్లేదండీ, ఇంకా నవ్వుతున్నాడు."

ఇద్దరం రైలెక్కాం. పూళ్ళ దాటాక జామకాయ కొని సగం కోసి ఇచ్చింది. తిన్నాను గానీ కోపం పోలేదు.

ఆదివారాలు నాలుగు గడిచాయి. పాస్టరుగారు ఏమీ చెప్పలేదట. అందుకే ఇదంతా రాశాను. కొల్లేరు చూడాల్సిన చోటే, తప్పకుండా వెళ్ళండి. ఎటూ అంతదూరం వెళతారు గనక చిన్నలంక చర్చిలోకి కూడా వెళ్ళి, బల్ల మీది గుడ్డ ఎవరు కుట్టారని అడగండి. కరుణగారు అంటే మాత్రం ఊరుకోకండి. కాదు, ఆవిడ మొగుడు కుట్టాడని చెప్పండి. నా పేరు సత్యానందం.