మైకమ్మ గొంతు

మా మేనత్త అసలు పేరు ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ గుర్తుండేది కాదు. ఊరందరికీ ఆమె మైకమ్మ. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫాం మీదికి వస్తుందో బస్టాండులో మైకు ముందు కూర్చుని చెప్పడం ఆమె ఉద్యోగం. మెట్ల కింద ఇరుకు గది, గీతలు పడిన అద్దాల కిటికీ, బల్ల మీద మెడ వంచిన మైకు. ఆ గొంతు వింటే జనం తోసుకోకుండా నిదానంగా నడిచి బస్సెక్కేవాళ్లు. బస్సు ఆలస్యమని ఆమె చెబితే ఎవరికీ కోపం రాదని డ్రైవర్లు అనేవాళ్లు. మా మామయ్య అదే డిపోలో మెకానిక్. అక్కడైతే మైకు కావాలి, ఇంట్లో అది లేకుండానే అంత మోత అని ఆమెను ఆటపట్టించేవాడు.

సెలవు రోజున ప్రార్థన మందిరంలో పాట ఎత్తుకునేది అత్తే. ముందు వరసలో నిలబడి, కళ్లు మూసుకుని పాడేది. ఆమె పాడుతుంటే చంటిపిల్లలు ఏడుపు ఆపేవాళ్లు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. దేవుడికి ఇచ్చేది శుభ్రంగా ఇవ్వాలని నాకు చెప్పేది. ఎవరైనా శ్రుతి తప్పితే కళ్లు తెరిచి అటు చూసేది. ఆ చూపు ఎక్కువగా ఇస్త్రీ మామ్మ మీద పడేది. మా వీధి చివర బట్టలు ఇస్త్రీ చేసుకుని బతికే ఆ ముసలావిడది గట్టి గొంతు. పాటది ఒక దారి, ఆమెది ఒక దారి. ఒకసారి అత్త అందరి ముందే ఆమె దగ్గరికి వెళ్లి, "మామ్మగారూ, మీరు వెనక కూర్చుని మనసులో పాడుకోండి. ఆయనకు వినిపిస్తుందిలెండి," అంది. మామ్మ సరేనని తలూపి, మరుసటి వారం నుంచి వెనక గోడ పక్కకు మారింది. గొంతు మాత్రం తగ్గించలేదు.

అత్త గొంతు బొంగురుపోయినప్పుడు ఎవరం పెద్దగా పట్టించుకోలేదు. జలుబన్నాం, బస్టాండు దుమ్మన్నాం. ఆమె ఉప్పునీళ్లు పుక్కిలిస్తూ, బిళ్లలు చప్పరిస్తూ డ్యూటీకి వెళ్లేది. ఎంతకీ తగ్గకపోయేసరికి పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. పుండు మామూలుది కాదని, స్వరపేటిక మొత్తం తీసేస్తేనే మనిషి దక్కుతుందని డాక్టరు చెప్పాడు. పాడటం కుదరదా అని అత్త అడిగింది. మాట కూడా ఉండదమ్మా అని ఆయన తల దించుకున్నాడు.

ఆపరేషన్ ముందు ఆమె చేసిన ప్రార్థన నేను పక్కనే ఉండి విన్నాను. చెయ్యి తీసుకో, కాలు తీసుకో, కావాలంటే చూపు తీసుకో. ఇది నువ్విచ్చిందే, నీకే వాడాను, దీన్ని మాత్రం వదిలెయ్యి అని బేరమాడింది. మందిరంలో అందరూ ఆమె కోసం మోకరించారు. ఏదో ఒకటి జరుగుతుందని నేనూ నమ్మాను. ఏమీ జరగలేదు.

మెడ కింద చిల్లుతో ఇంటికొచ్చింది. ఊపిరి అక్కడి నుంచే, దగ్గూ అక్కడి నుంచే. దాని మీద పల్చటి గుడ్డ కట్టుకునేది. ఏదైనా చెప్పాలంటే పెదవులు కదిపేది, నేను చూసి పట్టుకునేదాన్ని. మామయ్యకు అది చేతకాలేదు. మందు ఇమ్మంటే పండు తెచ్చిచ్చేవాడు. ఇంట్లో ఆ నిశ్శబ్దం భరించలేక పొద్దస్తమానం రేడియో మోగిస్తూ ఉండేవాడు.

బస్టాండులో ఆమె స్థానంలో రికార్డు చేసిన గొంతు పెట్టి, ఆమెను పోయిన సామాన్ల గదికి మార్చారు. గొడుగులు, సంచులు, ఒంటి చెప్పులు, ఒకసారి ఎవరివో కట్టుడు పళ్లు. వెతుక్కుంటూ వచ్చినవాళ్లు ఆమె మాట్లాడకపోతే చెవుడనుకుని గట్టిగా అరిచేవాళ్లు.

మందిరానికి వెళ్లడం మానేసింది. అక్కడి పెద్దలు ఇంటికొచ్చి, దేవుడు ఏదో ఉద్దేశంతోనే చేస్తాడని చెప్పబోతే లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. ఇన్నాళ్లూ ఆయన వింటున్నాడనుకున్నాను, విన్నది నేనొక్కదాన్నేనేమో అని ఆ సాయంత్రం నాతో అంది. ఏడ్చినా శబ్దం వచ్చేది కాదు. మెడ మీది గుడ్డ మాత్రం గబగబా కదిలేది.

మళ్లీ ఎందుకు వెళ్లాలనిపించిందో నాకు చెప్పలేదు. ఒక సెలవు రోజు పొద్దున తయారై గుమ్మంలో నిలబడింది. నేనూ వెంట వెళ్లాను. అలవాటు కొద్దీ ముందు వరసలోకే వెళ్లింది. కొత్తగా ఒక కాలేజీ అమ్మాయి పాట ఎత్తుకుంది. అత్తకు పాట లోపలి నుంచి తన్నుకొచ్చినట్టుంది, నోరు తెరిచింది. మెడలోంచి గాలి బుస్సుమంటూ గురకలా వచ్చింది. పిల్లలెవరో కిసుక్కున నవ్వారు. పాట తడబడింది. ఆ అమ్మాయి కళ్లు తెరిచి అత్త వైపు చూసింది.

అత్త గుడ్డను అదుముకుంటూ వెనక్కి నడిచింది. గోడ పక్కన ఇస్త్రీ మామ్మ కొంచెం జరిగి చోటిచ్చి, తన మానాన తాను పాడుతూనే ఉంది. బెంచీ ఇరుకు, ఇద్దరి భుజాలు ఒరుసుకున్నాయి. కాసేపటికి అత్త తన అరచెయ్యి మామ్మ వీపు మీద ఆనించింది. శ్రుతిలేని ఆ గొంతు వీపులో అదురుతోంది. పాట అయ్యేదాకా చెయ్యి తియ్యలేదు.

అప్పుడు మామ్మ వైపు తిరిగి పెదవులు కదిపింది. తనను క్షమించమంటోందని నాకు స్పష్టంగా తెలిసింది. మామ్మ ఆమె నోటి వంక కాసేపు చూసి, "నీళ్లు కావాలా తల్లీ?" అంది. అత్త కాదని తలూపి మళ్లీ అదే మాట అంది. నేను చెప్పబోతే చేత్తో ఆపింది. ఈలోగా మామ్మ మోకాళ్లు పట్టుకుని లేచి, మూల ఉన్న కుండ దాకా వెళ్లి గ్లాసుతో నీళ్లు తెచ్చింది. అత్త రెండు చేతులా అందుకుని, చుక్క మిగల్చకుండా తాగింది.

దారిలో నన్ను ఆపి, "క్షమాపణ కూడా నేను అనుకున్నంత అందంగా చెప్పనివ్వలేదు ఆయన," అంది. నవ్విందో లేదో తెలియలేదు.

ఆ తర్వాత ఆమె చోటు వెనక గోడ పక్కనే. ఇలా చెబితే ఆమెకు మనశ్శాంతి దొరికిందనిపిస్తుంది. దొరకలేదు. జబ్బు ఊపిరితిత్తులకు పాకింది. డాక్టరు ఈసారి ఆపరేషన్ మాట ఎత్తలేదు. నొప్పికి మందులిచ్చి ఇంట్లోనే చూసుకోమన్నాడు. మామయ్య దగ్గర దేవుడి పేరెత్తడానికి మాకు భయం వేసేది. తన పాటలు పాడిన మనిషినే దేవుడు ఏరికోరి కొట్టాడని మామయ్య కోపం.

ఇస్త్రీ మామ్మ రోజూ పని ముగించుకుని వచ్చేది. దుప్పట్లు ఉతికి, ఇస్త్రీ చేసి, వేడి ఆరకముందే తెచ్చి పరిచేది. మంచం పక్కన కూర్చుని తనకు వచ్చినట్టు పాడేది. మామయ్య అభ్యంతరం చెప్పలేదు. రేడియో తగ్గించి బయటికి వెళ్లిపోయేవాడు.

ఒక రోజు ఉండబట్టలేక, "అత్తా, ఇంకా నమ్ముతున్నావా?" అని అడిగాను.

ఊపిరి ఆడక, ఆగి ఆగి చెప్పింది. "ఇదివరకు ప్రార్థన చేస్తూ నా గొంతు నేనే విని మురిసిపోయేదాన్ని. ఇప్పుడు వినడానికి ఏమీ లేదు. ఆయన వైపు నుంచీ ఏమీ వినిపించట్లేదు. అయినా ఆయన ముందు నుంచి లేచి పోబుద్ధి కావట్లేదు. నా దగ్గర ఉన్నది అంతే."

"అది చాలా?"

"చాలకపోతే ఇంకేం తెచ్చిస్తాను?"

ఆమె పోయిన రోజు మధ్యాహ్నానికి మందులు పనిచెయ్యడం మానేశాయి. మంచం పట్టెను పట్టుకున్న వేళ్లు తెల్లబడిపోయాయి. పెదవులు మాత్రం కదులుతూనే ఉన్నాయి. ఏమంటోందని మామయ్య అడిగాడు. దగ్గరగా వంగి చూశాను. ఇన్నాళ్లుగా చదువుతున్న పెదవులే, ఒక్క ముక్క పట్టుకోలేకపోయాను. ప్రార్థన అని చెబితే మామయ్యకు కోపమో, ఊరటో, ఏదో ఒకటి దొరికేది.

"తెలియట్లేదు మామయ్యా," అన్నాను.

ఆయన తలూపాడు. చెమటకు తడిసిన తలగడను తిప్పి, పొడిగా ఉన్న వైపు ఆమె తల కింద సర్దాడు. పెదవులు ఆగేదాకా ఇద్దరం అలాగే చూస్తూ కూర్చున్నాం.