సీలు వేసిన గోడౌన్‌లో సుద్దగుర్తులు

దయ్యాలున్నాయని ఎవరైనా అంటే "ఉంటే ఓచరు చూపించు" అనేవాణ్ణి. ఇప్పటికీ నాకు నమ్మకం లేదు. కానీ ఈ ఒక్కదానికి మాత్రం నా దగ్గరా ఓచరు లేదు.

చల్లపల్లి రైసుమిల్లులో గుమాస్తాగా చేరి, పాత చిట్టాలు చూసి పద్దులు, పేపరు చదివి ఇంగ్లీషు నేర్చుకున్నవాణ్ణి నేను. డిగ్రీ కూడా ప్రైవేటుగానే కట్టాను. చివరికి విజయవాడలో ఒక విదేశీ రొయ్యలమేత కంపెనీ ఇండియా శాఖకి ఫైనాన్స్ మేనేజరునయ్యాను. ముప్పయ్యేళ్ళు నిండని కుర్రదొరలు విదేశంలోని హెడ్డాఫీసునుంచి మెయిల్ పెట్టేవాళ్ళు, "సంతకం కావాలి" అని. సంతకం మనది, తేడా వస్తే ఇక్కడ జైలుకెళ్ళేదీ మనమే. వాళ్ళకేం!

ఆ ఏడాది ఆఖరి లెక్కకీ అంతే. ఇబ్రహీంపట్నం దగ్గర మా గోడౌన్‌లో సోయాపిండి బస్తాలన్నీ సవ్యంగా ఉన్నాయని సాయంత్రం ఐదింటిలోపు నేను సంతకం చేసి పంపాలి.

మా గోడౌన్ కీపరు దేవదానం పోయి అప్పటికి నాలుగు నెలలు. సమాధిలో మట్టి వేసినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. పన్నెండేళ్ళు ఇద్దరం కలిసి బస్తాలు లెక్కపెట్టాం. ఒకసారి లెక్కైన దొంతర మళ్ళీ లెక్కలో పడకుండా సుద్దముక్కతో గుర్తు పెట్టేవాళ్ళం. నాది నిలువు గీత. అతనికి అనుమానం వస్తే సున్నా చుట్టి అడ్డంగా గీత కొట్టేవాడు. "విప్పి చూడండి" అని దానర్థం. హమాలీల ముందు నోటితో అనకూడదని మేమిద్దరం పెట్టుకున్న గుర్తు అది. ఎడమచేతివాటం మనిషి, ఆ గీత ఎప్పుడూ కిందికి జారేది.

అతని స్థానంలో వచ్చిన రాంబాబు మీద మొదటి రోజునుంచే నాకు అనుమానం. అందుకే లెక్కకి వారం ముందు వరసలన్నీ ఒకసారి చూసుకుని, తాళం వేసి, లక్కతో సీలు పెట్టించి, తాళంచెవి నా సంచిలో వేసుకున్నాను. లెక్క రోజు ఉదయం నా చేత్తోనే సీలు పగలగొట్టాను. అప్పటిదాకా అది చెక్కుచెదరలేదు. లోపల నేలమీద పక్కనున్న థర్మల్ స్టేషను బూడిద సన్నగా పరుచుకుని ఉంది. దానిమీద ఒక్క అడుగు లేదు.

"ఇంకా సుద్దముక్కేనా సార్? స్కానరిచ్చారుగా," అని నవ్వాడు రాంబాబు.

"అది బస్తా పైన చదువుద్దయ్యా. లోపల చదవదు."

వెనక వరసకి వెళ్ళేసరికి ఆగిపోయాను. మూడు దొంతరలమీద సున్నా, అడ్డగీత. గీత కిందికి జారి ఉంది. ఆ సరుకు దిగిందే దేవదానం పోయిన మూడు నెలలకి. సీలు వేసిన రోజు వాటిమీద ఏ గుర్తూ లేదు.

నాకు భయం కాదు, ఒళ్ళు మండింది. "ఏంటయ్యా ఈ పరాచికం? నువ్వేనా?"

"తాళం మీ దగ్గరే ఉందిగా సార్! అసలు అదేం గుర్తండీ?"

"ఆ మూడూ విప్పించు."

"ఐదింటికల్లా పంపాలన్నారు కదండీ, ఇప్పుడెందుకు..." అంటూనే కర్చీఫు తీసి మొహం తుడుచుకున్నాడు.

హమాలీలు విప్పారు. పైన జానెడు సోయాపిండి, కిందంతా ఊకపొడి. మిగతా వరసల్లో పది బస్తాలు విప్పించాను. అన్నీ మంచివే.

సంతకం పెట్టలేదు. రాంబాబు మర్నాటినుంచి రాలేదు. సప్లయరుతో కుమ్మక్కైన సంగతి తర్వాత ఒప్పుకున్నాడు. అలాంటివాడు తన దొంగతనం మీద తనే గుర్తు పెడతాడా? హమాలీలకి ఆ గుర్తే తెలియదు. వెనక షట్టరు, పైరేకులు, కిటికీ ఊచలు అన్నీ నేనే తడిమి చూశాను, ఎక్కడా సందు లేదు. మతిమరుపులో నేనే గీశానా అని నన్ను నేనూ అనుమానించాను. ఎడమచేత్తో సుద్ద పట్టుకుని గీసి చూశాను. కోడి కెలికినట్టు వచ్చింది.

వారానికి హెడ్డాఫీసునుంచి మెచ్చుకుంటూ మెయిలొచ్చింది. దాంతోపాటు ఒక ఫారం. అందులో ఒక గడి: అన్ని దొంతరలుండగా ఆ మూడే ఎందుకు విప్పించారు?

దాని ముందు అరగంట కూర్చున్నాను. ఉన్నదున్నట్టు రాస్తే ముసలాడికి మతి చెడిందని ఇంటికి పంపుతారు. చివరికి "ర్యాండమ్‌గా" అని రాసి సంతకం చేశాను.

తెలిసి తెలిసి అబద్ధం కింద నేను పెట్టిన సంతకం అదొక్కటే. నిజం ఏమని రాయాలో ఇప్పటికీ నాకు తెలియదు.