రాయి దాకా తవ్విన గొయ్యి

మా మేస్త్రీ పోయారు. నరసరావుపేటలో, జ్వరంతో. రొంపిచెర్ల బియ్యం మిల్లులో నేను బస్తా దించుతుంటే పేట నుంచి వచ్చిన బండివాడు చెప్పాడు. ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. నా మీద పడ్డ నిందను తీసెయ్యగలిగిన నోరు లోకంలో అదొక్కటే. అదీ మూసుకుపోయింది.

కరెంటు సంగతి తెలియనివాళ్ల కోసం ముందొక మాట చెప్పాలి. కొట్టులోనో, మిల్లులోనో, సినిమా హాల్లోనో తీగలు వేసే పని ఎవరుబడితే వాళ్లు చెయ్యకూడదు. సర్కారు సర్టిఫికెట్ ఉన్న మనిషి దగ్గరుండి చేయించాలి. ఆ తరవాత గుంటూరు నుంచి ఇన్‌స్పెక్టరు వచ్చి చూసి సరేనంటేనే కరెంటు. నాలాంటి పర్మిట్ లేనివాడు ఆ సర్టిఫికెట్ మనిషి కళ్లముందే పని చెయ్యాలి. నాకు పర్మిట్ రావాలన్నా, వీడికి పని వచ్చని ఆయనే చెప్పాలి. నాకు ఆ మనిషి మా మేస్త్రీ.

నేను బడికి పోలేదు. కొట్ల మీది బోర్డులు చూసి అక్షరాలు కూడబలుక్కున్నాను. చేతిలో ఉన్న విద్య మాత్రం ఆయన పెట్టిందే, కాదనను. ఏ మోటారునైనా ముట్టుకునే ముందు ఆయన కుడిచెయ్యి పంచెకు తుడుచుకుని, చేతి వెనకవైపుతో తాకేవారు. అరచేత్తో తాకితే షాకు కొట్టినప్పుడు వేళ్లు ముడుచుకుని దాన్నే పట్టుకుంటాయి. వెనక చెయ్యయితే విదిలించుకుని బయటపడుతుంది. "కరెంటు లేదని ఎవడు చెప్పినా నమ్మొద్దురా. నేను చెప్పినా నమ్మొద్దు" అనేవారు. అది కరెంటుకే అనుకున్నాను.

సినిమా హాలు పని అయిన రోజు సంగతి గుర్తుంది. యజమాని తొందరపడుతున్నాడు.

"తీగలన్నీ ఏసినారు గదా మేస్త్రీ! మీట నొక్కేదానికి గుంటూరు నుంచి మనిషి రావాలా ఏంది?"

"నీ పెళ్లికి పంతులు వచ్చాడా, లేదా? ఆయన రాకముందే కాపురం పెట్టావా ఏంది?"

హాలు ముందు జనమంతా నవ్వారు. యజమాని కూడా నవ్వి ఊరుకున్నాడు. ఆ రోజు ఆయన పక్కన నిలబడ్డందుకు నేను పొంగిపోయాను.

ఎర్తు గొయ్యి అంటే ఆయనకు ప్రాణం. యంత్రం ఒంట్లోకి కరెంటు పాకితే, అది మనిషిలోంచి కాకుండా నేలలోకి పోవాలని లోతుగా తవ్వి, ఇనప పైపు దించి, బొగ్గూ ఉప్పూ వేసి పూడుస్తాం. ఆ గొయ్యి ఎప్పుడూ తడిగా ఉండాలి. ఏ మిల్లు గేటు దగ్గరకు పోయినా కాపలావాణ్ణి ఆయన అడిగే మొదటి మాట, "అమ్మాయి నీళ్లు తాగిందా?" గొయ్యికి ఆయన పెట్టుకున్న పేరది.

అలాంటి మనిషి, మాచవరం వైపు ఒక పత్తి మిల్లులో తన పద్ధతి తానే తప్పారు. వానాకాలం. గొయ్యి నడుము లోతు తవ్వేసరికి కింద రాయి తగిలింది. మన పల్నాడు నేల సంగతి తెలిసిందే గదా. రాయి పగలగొట్టాలంటే పని ఆగుతుంది. మిల్లాయన పోరు పెడుతున్నాడు. మేస్త్రీ గట్టు మీద నిలబడి, "చాల్లే, పూడ్చెయ్" అన్నారు.

"లోతు చాలదు మేస్త్రీ గారూ. ఎండాకాలం ఎండిపోద్ది."

"నేల చానా తడిగా ఉంది గదరా. ఇన్‌స్పెక్టరు కొలతకు నిలబడుద్ది. పూడ్చెయ్."

పూడ్చాం. ఇన్‌స్పెక్టరు మీటరు పెట్టి కొలిచేది లోతును కాదు, నేల కరెంటును ఎంత బాగా లాగుతుందో. తడి నేల మీద కొలత నిలబడింది, మిల్లు నడిచింది. ఎండలు ముదిరాక గొయ్యి ఎండిపోయింది. ఒకరోజు మోటారు లోపల తీగ కాలి, యంత్రం ఒళ్లంతా కరెంటు పాకింది. పత్తి పోస్తున్న ఆడమనిషి చెయ్యి దానికి అతుక్కుపోయింది. ప్రాణం దక్కింది గానీ ఆ చేతి వేళ్లు ఇప్పటికీ ముడుచుకోవు.

ఇన్‌స్పెక్టరు గొయ్యి తవ్వించి చూశాడు. "ఇది ఎవరి పని?" అన్నాడు. మా మేస్త్రీ నా వైపు చూడలేదు.

"వీడేనండీ. నేనప్పుడు మాచర్లలో ఉన్నా. నాకు చెప్పకుండా పూడ్చేశాడు."

నేను నోరు తెరిస్తే ఇన్‌స్పెక్టరు చేత్తో ఆపాడు. సర్టిఫికెట్ ఉన్నవాడి మాట మాట, లేనివాడి మాట గాలి. పై మనిషి లేకుండా పని చేశానని నాకు పర్మిట్ రాకుండా చేశారు. పేటలో ఎవరూ నా చేతికి తీగ ఇవ్వలేదు.

తరవాతి ఆదివారం చర్చి బయట ఆయన నా భుజం పట్టుకున్నారు. "ఒరేయ్ అబ్బాయ్, సర్టిఫికెట్ పోతే ఈ వయసులో నేనేం చెయ్యాలి? నీకు బోలెడు వయసుంది. కాస్త సద్దుమణగనీ, నేనే చెప్తా."

నమ్మాను. ఇన్‌స్పెక్టరు పేటకు వచ్చాడని తెలిసిన ప్రతిసారీ కబురు కోసం చూశాను. కబురు రాలేదు. ఇప్పుడు వచ్చింది ఈ కబురు.

మర్నాడు పొద్దున వాళ్లింటికి పోయాను. మేస్త్రీ భార్యను నేను పిన్ని అంటాను. నన్ను చూసి ఆమె గట్టిగా ఏడ్చింది. "నీ సంగతి చెప్పవయ్యా అని పోరీ పోరీ నా నోరు నొప్పి పుట్టింది. ఈసారి, ఈసారి అనేవాడు. భయపడ్డాడయ్యా, అంతే."

భయపడ్డాడట. కరెంటుకు భయపడని మనిషి.

ఆమె ముఖం చూడలేక సమాధుల దొడ్డికి నడిచాను. ఇద్దరు కూలీలు గొయ్యి తవ్వుతున్నారు. నడుము లోతు వచ్చేసరికి గునపం ఖంగుమంది.

"రాయి పడ్డది," అన్నాడు ఒకడు చెమట తుడుచుకుంటూ. "పెట్టె పడుద్ది గదా, ఇంక చాల్లే."

"చాలదు," అన్నాను. "పైకి రా."

గునపం నేను తీసుకున్నాను. ఆయన మీద ఉన్న కోపమంతా ఆ రాతి మీద వేశాను. పెచ్చులు లేచాయి, చేతులు బొబ్బలెక్కాయి. దూరంగా పాట పాడుతూ పెట్టెను తెస్తున్నారు. చివరికి రాయి పగిలి రెండు చెక్కలైంది.

చెక్కలు పైకి విసిరి మోకాళ్ల మీద కూర్చున్నాను. కుడిచెయ్యి పంచెకు తుడుచుకుని, చేతి వెనకవైపుతో మన్ను తాకి చూశాను.

చల్లగా, తడిగా తగిలింది.