గుర్వమ్మ పప్పు పరీక్ష

మర్రిగూడ దగ్గరి ఆ పల్లెలో గుర్వమ్మ పొయ్యి మీద పప్పు ఉడికితే తప్ప ఏ నీళ్లూ మంచినీళ్లు కావు. బావి తవ్వినా, బోరు వేసినా మొదటి బిందె గొర్లకాపరుల ఇంటి ఆ ముసలమ్మ దగ్గరికే వచ్చేది. పిడికెడు కందిపప్పు అందులో వేసి, పొయ్యి ముందు కూర్చుని ఆకూవక్కా నమిలేది. రెండో విడెం అయ్యేలోపు పప్పు మెదిగితే ఊరికి, లేకుంటే గొర్లకు. సర్పంచు మాటకు ఎదురు చెప్పినవాళ్లున్నారు గానీ, ఆమె పప్పుకు ఎదురు చెప్పినవాళ్లు లేరు.

ఎనభై ఒకటిలో ఊరి నడుమ చేతిపంపు వేసినప్పుడు మొదటి విడెం కాకముందే పప్పు వెన్నయింది. "కండ్లు మూసుకోని తాగుండ్రి" అని చెప్పేసింది. అప్పటిదాకా వేరే దిక్కులేక తాగిన ఊరవతలి చేదబావి మొహం మళ్లీ ఎవరూ చూడలేదు.

ఎనిమిదేళ్లకు నల్లగొండ నుంచి ఫక్రుద్దీన్ అనే ఉద్యోగి చిన్న పెట్టెతో వచ్చాడు. గాజుగొట్టంలో పంపునీళ్లు పోసి మందు చుక్కలు వేశాడు. గులాబిరంగు మందు పసుపుపచ్చగా మారింది. పంపుకు ఎర్రరంగు పూసి, "ఇందుల ఫ్లోరైడ్ ఉన్నది. పండ్లు గారపడతయి, ఎముకలు వంకరపోతయి. తాగకుండ్రి" అన్నాడు.

"గుర్వక్క పప్పు కంటె నీ చుక్కలెక్కువనా?" అన్నాడు గుంపులోంచి కురుమయ్య. ఊరంతా నవ్వింది.

గుర్వమ్మ నవ్వలేదు. తెలియనిది ఎదురైతే దాని అంతు చూడందే ఆమెకు ముద్ద దిగదు. పైగా ఏడేళ్ల మనుమరాలు మైసమ్మ కొత్తపండ్ల మీద గోధుమరంగు చారలు వచ్చాయి, వేపపుల్లతో ఎంత తోమినా పోవడం లేదు. గబగబా వెళ్లి చేదబావి నీళ్లు చెంబెడు తెచ్చింది.

"గివి సుత జూడు బిడ్డా."

రంగు మారలేదు.

"గివి పప్పును ఉడకనియ్యయి. గవి ఎన్నలెక్క ఉడికిస్తయి. మంచి నీళ్లు ఉడికియ్యకపోవుడేంది, చెడ్డ నీళ్లు ఉడికిచ్చుడేంది?"

ఫక్రుద్దీన్ పెట్టె పక్కన పెట్టి ఆమె ముందు చతికిలబడ్డాడు. ఎన్నో ఊర్లు తిరిగాడు, తిట్లు తిన్నాడు. ఇలా ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఈమే. "అవ్వా, పప్పును ఉడకనియ్యంది సున్నం. సున్నం మస్తుగున్న నీళ్లల్ల ఫ్లోరైడ్ ఎక్కువ నిలవది. సున్నం తక్కువున్న కాడనే గది చేరుతది."

గుర్వమ్మ చెంబులోని నీళ్ల వైపు చూసింది. పప్పు ఏనాడూ అబద్ధం చెప్పలేదు. సున్నం లేదని మాత్రమే చెప్పింది. మంచివని చెప్పింది తాను. ఎనిమిదేళ్లుగా ఊరు తాగింది తన మాటనే.

మర్నాడు పంపు దగ్గర నిలబడి అడ్డు చెబితే ఎవరూ వినలేదు. "పట్నపోడు నీకేదో మందు వెట్టిండు అత్తా" అని పక్కింటి సుక్కమ్మ బిందె నింపుకుని పోయింది. ఎంత నమ్మకమో! తాను కట్టిన ఆ నమ్మకాన్ని తానే కూలగొట్టాలని గుర్వమ్మకు అర్థమైంది.

ఆదివారం ఊరందరినీ అన్నానికి పిలిచి, చేదబావి నీళ్లతో పప్పు వండి వడ్డించింది.

"గుర్వక్కా, గిదేంది? పలుకు పలుకున్నది" అన్నాడు కురుమయ్య నములుతూ.

"ఉడకలే. గందుకే గీ నీళ్లే తాగుండ్రి" అంది గుర్వమ్మ. "పంపునీళ్లు తాగుమన్నది నేనే. తప్పు నాది. నా మనుమరాలి నోరు సూడుండ్రి." మైసమ్మ గడ్డం పట్టి పండ్లు అందరికీ చూపించింది.

నమలడం ఆగిపోయింది. సుక్కమ్మ విస్తరి ముందు నుంచి లేచింది. ఆమె కొడుకు ఐలేశం నడిస్తే మోకాళ్లు ఒకదానికొకటి రాసుకుంటాయి, పుట్టుకతో వచ్చిందనుకున్నారు.

"అత్తా, మావోని కాళ్లు మల్ల సక్కగైతయా?"

అందరూ గుర్వమ్మ నోటి వైపే చూశారు, ఎప్పటిలాగే.

"నాకు తెల్వదు బిడ్డా" అంది గుర్వమ్మ.

సుక్కమ్మ తన ఇంట్లోకి వెళ్లి, పంపునీళ్ల నిండు బిందె తెచ్చి వాకిట్లో గుమ్మరించి, ఖాళీ బిందెతో ఊరవతలి చేదబావి దారి పట్టింది.